మా బావను దుకాణదారు చేసిన కాగితం

నేను ఏడో తరగతి రెండుసార్లు చదివిన. మొదటిసారి పాఠాలు నాకు అర్థం కాలేదు. రెండోసారి నేను సారుకు అర్థం కాలేదు. ఆ తర్వాత ఇద్దరం మర్యాదగా ఒకరినొకరం వదిలేసుకున్నం. ఇంత చదువుతో నేను క్యాన్సర్ మీద పరిశోధన చేసిన అంటే వికారాబాద్ స్టేషన్ బయట కిరాయి కార్ల అడ్డా మీద ఇప్పటికీ ఎవడూ నమ్మడు. "నువ్వు పరిశోధన చేస్తే ఆ రోగం సిగ్గుతోనే సచ్చేదుండె గదనే" అంటరు. కానీ నిజం. ఒక ఇంగ్లీషు పత్రికలో ఒక వ్యాసం ఉంది. దాని అడుగున, కళ్లద్దాలు తుడుచుకుంటే తప్ప కనబడని అక్షరాల్లో నా పేరుంది. నా పేరు చదువుకునేంత ఇంగ్లీషు నాకొచ్చు. ఆ పేరు పైన ఏం రాసి ఉందో తెలిసేసరికి మాత్రం చాన రోజులు పట్టింది.

ఆ వ్యాసం రాసిన పెద్దసారు ఒకరోజు పొద్దున్నే హైదరాబాద్ రైలు దిగి నా కారు దగ్గరికొచ్చిండు. ఇస్త్రీ చెడని తెల్ల అంగీ, జేబులో మూడు పెన్నులు, చేతిలో స్టీలు టిఫిను. తాండూరు పోవాలన్నడు. దారిలో తను క్యాన్సర్ డాక్టరునని చెప్పంగనే, "సార్, నాకు మోకాలు నొస్తది, జర చూడుర్రి" అన్న.

"నేను రోగం చూడను. రోగం ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు, ఎందుకని, ఆ లెక్క తీస్తాను."

"అంటే పెండ్లిల వడ్డించరు, ఎవరెవరు తిన్నరో చూసుకుంట నిలబడుతరు."

పెద్దసారు కడుపు పట్టుకుని నవ్విండు. పెద్దోళ్లు నా మాటకు నవ్వితే నాకు నిషా ఎక్కుతది. బడిలో సార్లు నన్ను కొట్టిండ్రు, తిట్టిండ్రు, బయట నిలబెట్టిండ్రు, ఒక్కడు నవ్వలేదు. అందుకేనేమో, చదువుకున్న మనిషి నవ్వితే నాకు పరీక్ష పాసైనట్టుంటది. తాండూరు చేరేలోపల ఆయనను ఇంకో నాలుగుసార్లు నవ్వించిన. సాయంత్రం స్టేషన్‌లో దింపుతుంటే, "నువ్వు మాట్లాడితే మనుషులు తలుపులు తీస్తారు. రేపటినుంచి నాతోనే ఉండు" అన్నడు. డ్రైవరు పనితో పాటు, ఇంటింటికి పోయి ఫారాలు నింపే పని కూడా నాకిచ్చిండు.

ఆయన వచ్చిన పని ఇది. తాండూరు చుట్టూ నాపరాయి. తవ్వుతరు, కోస్తరు, అంచులు అరగదీస్తరు, పాలిష్ పెడతరు. ఆ యూనిట్లలో పనిచేసే మనిషి సాయంత్రం బయటికొస్తే పిండిగిర్నీలో పడి లేచినట్టుంటడు, కనుబొమ్మలు కూడా తెల్లగ. వాళ్లలో కొందరికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తున్నదని, దానికి రాయి దుమ్మే కారణమని ఊర్లో మాట పుట్టింది. నిజమో కాదో తేల్చమని యూనిట్ల ఓనర్లే కలిసి పెద్దసారును పిలిపించుకున్నరు. ఆయన పండుకునే గెస్టుహౌసు వాళ్లది, నా కారు కిరాయి వాళ్లది, హైదరాబాద్‌లో ఆయన డిపార్టుమెంటుకు కొత్త బిల్డింగు కట్టిస్తమన్న మాట కూడా వాళ్లదే.

పెద్దసారు చెడ్డోడైతే నాకీ కథ చెప్పుడు సులువయ్యేది. చెడ్డోడు కాదు. నేను తినకుండ ఆయన తినేటోడు కాదు. వయసులో ఉన్నప్పుడు గుట్కా కంపెనీలతో కోర్టుల దాకా కొట్లాడి, బెదిరింపులకు భయపడకుండ నిలబడ్డ మనిషి. ఆ ముచ్చట కారులో ఎన్నిసార్లు చెప్పిండో, మలుపులు కూడా నాకు కంఠస్థం. ఆ గెలుపే ఆయనను పాడుచేసిందని నాకనిపిస్తది. ఆ తర్వాత ఎవరు దగ్గినా ఆయనకు పొగాకే కనబడేది. "డబ్బు ఎవరిచ్చినా లెక్క మారదు" అనేటోడు. నేను అడిగితే కాదు, అడగకపోయినా అనేటోడు.

మొదటి వారమే గెస్టుహౌసులో ఫారం తయారైంది. అందులో పని గురించి రెండు ప్రశ్నలుండె. ఇప్పుడు ఏం పని చేస్తున్నరు అని ఒకటి, ఇంతకుముందు ఏమేం పనులు చేసిండ్రు అని ఇంకోటి. మధ్యాహ్నం అందరం జొన్నరొట్టెలు తింటుంటే ఓనర్లలో ఒకాయన ఫారం తిరగేసి, "సార్, మస్తు పొడుగున్నది. పనోళ్లు యాష్టపడుతరు. గీ పాత ముచ్చట్లన్ని ఎందుకు?" అన్నడు. పెద్దసారు నోట్లో ముద్ద నమిలి, మింగి, ఎడమచేత్తో పెన్ను తీసి రెండో ప్రశ్న కొట్టేసిండు. నేను పక్కనే ఉన్న. కందిపప్పు మస్తుగుండె, ఇంకింత పోసుకున్న. అక్కడ పప్పు కంటే పెద్ద సంగతి జరిగిందని నాకు తెల్వలేదు.

అది తెలియాలంటే తాండూరు రాయిపనోళ్ల రివాజు తెలియాలె. దమ్ము ఆడక పని బందు పెట్టినోడు, రోగమొచ్చి మానేసిన అని చెప్పడు. చెప్తే ఆ ఇంట్లోంచి ఇంకెవరినీ యూనిట్లో పెట్టుకోరు, ఆ ఇంట్ల దగ్గున్నదంటరు. అందుకని అరుగు మీద రెండు బిస్కెట్ల సీసాలు, ఒక సబ్బుల డబ్బా పెట్టి, "దుకాణం పెట్టుకున్న" అంటడు. గల్లీ అంతా మర్యాదకు అట్లనే అంటది. అట్లా కొన్ని గల్లీల్లో ఇంటికో దుకాణం. కొనేటోడు లేడు, అందరూ సేట్లే.

ఒక ఇంట్లో ముసలాయన నులకమంచం మీదినుంచి లేవలేక, "దుకాన్ హై మేరా" అన్నడు. దుకాణం అంటే కిటికీకి వేలాడే రెండు షాంపూ పాకెట్లు.

"చాచా, గీ రెండు అమ్ముడుపోతే సాయంత్రానికి దుకాణం ఎత్తేసుడేనా?" అన్న.

ఆయన నవ్విండు. నవ్వు దగ్గయింది. దగ్గు ఎంతకూ ఆగకపోతే ఆయన భార్య వచ్చి వీపు పట్టుకుంది. నేను ఫారంలో వ్యాపారం అని రాసుకుని, పక్కింటికి పోయిన.

మూడో గల్లీలో మా పెద్దక్క ఇల్లు. బావ పదిహేడేండ్లు అంచులు అరగదీసే మిషిన్ మీద పనిచేసిండు. చక్రం తిరిగితే ముఖానికి ఎదురుగానే లేస్తది దుమ్ము. నేను పోయేసరికి ఆయనకు క్యాన్సర్ అని తేలి ఆర్నెల్లయింది. మా దిక్కు బావబామ్మర్దులు ఒకరినొకరు ఏమన్నా అనుకోవచ్చు, పట్టింపు ఉండది. ఇంకా అనకపోతేనే కోపమొచ్చిందేమో అనుకుంటరు. నేను బావను పెండ్లి పీటల మీద మొదలుపెట్టిన, ఆ రోజు దాకా ఆపలేదు. బావకు మాట తొందరగా రాదు. ఆయనకు జవాబు తట్టేసరికి నేను వికారాబాద్‌లో ఉండేటోన్ని.

ఆయన బాధ రోగం ఒక్కటే కాదు. జన్మలో బీడీ ముట్టని మనిషి. హైదరాబాద్‌లో దవాఖానకు పోతే డాక్టరు మొట్టమొదట, "రోజుకు ఎన్ని బీడీలు?" అని అడిగిండట. తాగనంటే, అక్క దిక్కు చూసి, "ఇంట్లో తెలియకుండానా?" అన్నడట. ఊర్లో కూడా అదే మాట.

ఆ రోజు బావ నా చెయ్యి పట్టుకున్నడు. "బామ్మర్దీ, బతికించుమని అంటలేను. నా రోగం రాయి దుమ్ముతోని వచ్చిందని ఆ సారు కాగితంల ఎక్కాలె. గంతే. నేను పోయినంక నలుగురు బీడీలు తాగి సచ్చిండు అనొద్దు."

"ఎక్కిస్త బావా. గది కూడ పెద్ద పనేనా?"

ఫారం తీసిన. ఇప్పుడు ఏం పని చేస్తున్నరు? నేను పెన్ను పెట్టకముందే అక్క లోపలినుంచి, "దుకాణమని రాయిరా. మా మరిది ఆ యూనిట్లనే ఉన్నడు, తీసేస్తరు" అన్నది. బావ గోడ దిక్కు చూసిండు. కింద ఇంతకుముందు ఏం పని అని ఉంటే అక్కడన్నా రాసేటోన్ని. ఆ ప్రశ్నే లేదు. దుకాణం అని రాసిన.

"నౌకరోడివి సేటువైనవ్ బావా, ఇగ నన్ను గుర్తువడుతవో లేదో" అన్న.

బావ నవ్వి, "సారుకు నోటితోనన్న చెప్పు" అన్నడు.

చెప్పిన. సాయంత్రం కారులో చెప్పిన. "సార్, మా బావ దుకాణపోడు కాదు. రాయిపని మనిషి. గా గల్లీలల్ల అందరు గంతే."

పెద్దసారు టిఫిను ఒళ్లో పెట్టుకున్నడు. "ఫారంలో ఏమడిగాం? ఇప్పుడు ఏం పని అని. మీ బావ ఇప్పుడు మిషిన్ మీద ఉన్నాడా?"

"లేడు సార్."

"మరి జవాబు సరైనదే." టిఫిను మూత బిగించుకుంటూ, "నువ్వు బాగా పనిచేస్తున్నావు" అన్నడు. నాకు సంబరమైంది. బావ సంగతి మోమిన్‌పేట్ దిక్కు పోయే బస్సును దాటేసేలోపలే మర్చిపోయిన.

లెక్క వచ్చింది. రాయిపని చేసేటోళ్లు ఆరోగ్యంగ ఉన్నరట, దుకాణదారులకే క్యాన్సర్ ఎక్కువట. పొద్దంతా కూర్చుని పొగ తాగే అలవాటు కారణం కావొచ్చని పెద్దసారు రాసిండు. రోగమొచ్చినోళ్లందరూ దుకాణాల్లోకి పోయిండ్రు, రానోళ్లు మిషిన్ల దగ్గరున్నరు, ఇంకెట్లొస్తది లెక్క? ఓనర్లు ఆ మాట పెద్ద ఫ్లెక్సీ మీద అచ్చేయించి చౌరస్తాలో కట్టిండ్రు. దాని కింద నిలబడి నేను ఫోటో కూడా దిగిన.

రెండో ఏడు ఒక మేడం వచ్చింది. పెద్దసారు దగ్గరనే చదువుకుని, ఆయన సంచి మోసి, ఆయన సంతకంతోనే డాక్టరైన మనిషి. నా కారే ఎక్కింది. తాండూరు గల్లీల్లో పది నిమిషాలు తిరిగి, ఆగి, "అన్నా, ఇంటికో దుకాణం ఉంటే కొనేవాళ్లెవరు?" అని అడిగింది. పెద్దసారు సంవత్సరం తిరిగి అడగని మాట.

రివాజు చెప్పిన, రొట్టెలు తింటుంటే కొట్టేసిన రెండో ప్రశ్న ముచ్చట కూడా చెప్పిన. మేడం కారు బానెట్ మీద ఆ ఇంగ్లీషు వ్యాసం పరిచి, నాకు ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పింది. అప్పుడు తెలిసింది నా పేరు దేని కింద ఉందో.

ఆమె అవే ఇండ్లకు మళ్లీ పోయింది. ఒక్కటే ప్రశ్న. "చిన్నప్పటి నుంచి చేసిన పనులన్నీ చెప్పండి, తొందరేం లేదు." బావ గంటసేపు చెప్పిండు. ఏ చక్రం మీద, ఏ ఓనరు కింద, నీళ్లు పోయకుండ ఎట్లా అరగదీయమనేటోళ్లో, అన్నీ. మేడం ఒక్క మాట వదలకుండ రాసుకుంది. బీడీ తాగలేదు అని కూడా రాసి, బావకు చదివి వినిపించింది. ఆ రాత్రి బావ రెండు రొట్టెలు తిన్నడని అక్క ఫోను చేసి చెప్పింది. నెలల తర్వాత రెండు రొట్టెలు.

రోగం రాయి దుమ్ముతోనే వస్తున్నదని మేడం అదే పత్రికలో వ్యాసం రాసింది. తర్వాత మేడానికి, పెద్దసారుకు ఆ పత్రికలోనే లడాయి. నల్లా కాడ మా అక్క, పక్కింటామె కొట్లాడితే అరగంటలో తేలిపోతది. వీళ్లది ఎనిమిది నెలలు నడిచింది. మొదటి వాక్యంలో నా గురువుగారి సేవలకు వందనం అని ఆమె, నా ప్రియ శిష్యురాలి ఉత్సాహానికి అభినందనలు అని ఈయన. రెండో వాక్యం నుంచి కత్తులు. ఆమె, అసలు ప్రశ్న ఎవరి కోసం కొట్టేశారు అన్నది. ఈయన, ఆమె రోగుల నోట్లో మాటలు పెట్టి చెప్పించింది అన్నడు. నా కారులో ఇద్దరూ ఎక్కేటోళ్లు, వేరువేరు రోజుల్లో. ఇద్దరినీ నవ్వించేటోన్ని. వెనక సీట్లో ఎవరుంటే నేను వాళ్ల మనిషిని.

ఆఖరుకు విచారణ పెట్టిండ్రు. ఢిల్లీ నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు వచ్చిండు, తెలుగు ముక్క రాదు. తాండూరులో ఫంక్షన్ హాలును యూనిట్ల ఓనర్లే కిరాయికి మాట్లాడిండ్రు. ముందటి వరుసలో వాళ్లు, వాళ్ల పక్కన బావ, నోటికి తువాల అడ్డం పెట్టుకుని. ఇస్త్రీ అంగీ వేసుకొచ్చిండు. నేను ఫారాలు నింపినోన్ని కాబట్టి నన్ను స్టేజీ మీదికి పిలిచి చేతిలో మైకు పెట్టిండ్రు.

నా జన్మలో మైకు అదే మొదటిసారి.

మేడం నిదానంగ అడిగింది. "అన్నా, మీరు దుకాణం అని రాసిన ఈయన మీ బావ. పదిహేడేళ్లు అంచుల మిషిన్ మీద పనిచేశాడని మీకు తెలుసు కదా?"

అవును మేడం అంటే అయిపోయేది. రెండు మాటలు. కానీ హాలు నిండ మనుషులు, అంతా నా నోటి దిక్కే చూస్తున్నరు. పెద్దసారు కళ్లద్దాల మీదినుంచి చూస్తున్నడు, నేనేమన్నా నవ్వడానికి తయారుగ ఉండే ఆ ముఖంతో. బావ కూడా చూస్తున్నడు.

"మా బావనా మేడం? మిషిన్‌కు ఒరిగి పదిహేడేండ్లు పండుకున్నడు. గీయనను చూసి రాళ్లే సిగ్గుతోని అరిగిపోయినయి గని, గీయన ఒక్క రాయన్న ముట్టలే!"

హాలు నవ్వుతో పగిలింది. ఓనర్లు ఒకరి తొడలు ఒకరు చరుచుకున్నరు. పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. బావ కూడా నవ్విండు, ఇరవై ఏండ్ల అలవాటు కదా, నవ్వి, తువాలలోకి దగ్గిండు. నవ్వనిది ఇద్దరే. మేడం ఒకరు, తెలుగు రాని ప్రొఫెసరు ఒకరు.

ఢిల్లీ సారు, ఏమన్నడు అని అడిగిండు. పెద్దసారే మైకు దగ్గరికి వంగి ఇంగ్లీషులో చెప్పిండు. నేనంత పొడుగు చెప్పింది రెండు ముక్కల్లో అయిపోయింది. అందులో పరాచకం లేదని నాకు చదువు లేకున్నా తెలిసింది, ఎందుకంటే ఢిల్లీ సారు మూతి కూడా కదల్లేదు. తల ఊపి రాసుకున్నడు. మేడం లేచి ఏదో గట్టిగ చెప్పబోయింది. బావబామ్మర్ది అన్న మాట ఒక్కటి నాకు అర్థమైంది, దానికి ఇంగ్లీషు దొరకక తెలుగులోనే అన్నది. పెద్దసారు చెయ్యి అడ్డం పెట్టి, "సొంత బంధువు అబద్ధం ఎందుకు చెప్తాడమ్మా?" అన్నడు.

ఢిల్లీ సారు నా దిక్కు తిరిగి ఒక ప్రశ్న అడిగిండు. పెద్దసారు తెలుగులో చెప్పిండు. "ఇది నీ మాటేనా అని అడుగుతున్నారు."

అప్పటికి కూడా ఆలస్యం కాలేదు. పరాచకమాడిన సార్, మా బావ రాయిపని మనిషే అంటే సరిపోయేది. కానీ వెనక వరుసల్లో ఇంకా నవ్వుతనే ఉన్నరు. ఆ నవ్వును నా చేత్తో నేను చంపలేకపోయిన.

"నా మాటే సార్" అన్న.

రోగి రాయిపని నామమాత్రంగా చేసినట్టు దగ్గరి బంధువు చెప్పిండని రిపోర్టులో ఎక్కింది. మేడం సేకరించిన వివరాలు నమ్మదగినవి కావని తేల్చిండ్రు. ఆమె వ్యాసాన్ని పత్రిక వెనక్కి తీసుకుంది, ఆమె వేరే రాష్ట్రానికి పోయింది. ఆ రోజు హాలు బయట కారు డోరు తీసి పట్టుకుంటే, "వద్దన్నా, బస్సుంది" అని బస్టాండు దిక్కు నడిచింది. పెద్దసారుకు సన్మానం జరిగింది. శాలువా కప్పుతుంటే తీసిన ఫోటో నాకు కూడా పంపిండు.

బావ ఆ ఎండాకాలం దాటలేదు. దినాలకు వచ్చినోళ్లలో ఒకాయన అన్నం కలుపుకుంటూ, "బీడీలు తాగకపోతే ఇంకో పదేండ్లు బతికేటోడు" అన్నడు. నేను అదే బంతిలో కూర్చున్న. వంచిన తల ఎత్తకుండ నా విస్తరి ఖాళీ చేసిన.

విచారణ అయిన సాయంత్రం బావను నేనే ఇంటి కాడ దింపిన. హాలు ముచ్చట మాకంటే ముందే ఇంటికి చేరినట్టుంది. అక్క బావను మంచం మీద కూర్చోబెట్టి, నా ముఖం చూడకుండ లోపలికి పోయింది. బావ ఇస్త్రీ అంగీ గుండీలు తీసుకుంటున్నడు, ఒక్కొక్క గుండీకి ఆగి దమ్ము తీసుకుంటూ. నేను గడపలో నిలబడ్డ.

"బావా, మన పరాచకమే గద. గాళ్లు గట్ల రాసుకుంటరని నాకేం ఎర్క? అసలు అమ్ముడుపోయింది సారు. నేను కాదు."

బావ ఆఖరి గుండీ తీసి, దమ్ము అందేదాక ఆగిండు.

"సారుకు గిరాకి దొరికింది, అమ్ముకున్నడు" అన్నడు. "నిన్నైతే ఎవ్వడు కొననే లేదు గదరా. ఉత్తగనే పోయినవ్."